పదహారింట ఒక గింజ

బీటీ పత్తి దేశంలో సాగుకు వచ్చిన 2002-03లో మన సగటు దిగుబడి హెక్టారుకు 302 కిలోల దూది. 2007-08లో అది 554 కిలోలు, 2013-14లో 566. 2022-23 నాటికి 443కు దిగింది. పెరగడంలోనూ తగ్గడంలోనూ వానలకు, ఎరువులకు, రసం పీల్చే పురుగులకు వాటా ఉంది. అయితే పత్తి కాయలోకి దూరే గులాబీ రంగు పురుగు సంగతి వేరు. బీటీతో అణచినా అది తిరిగి వస్తుందని ముందే లెక్కగట్టవచ్చు.

బీటీ మొక్క తన కణాల్లో క్రై అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. పురుగు పేగు గోడ మీద దాన్ని పట్టుకునే అణువులుంటాయి, వాటిని గ్రాహకాలంటాం. ప్రోటీన్ వాటికి అతుక్కుని పేగుకు చిల్లులు పెడుతుంది. గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు మారితే ప్రోటీన్‌కు పట్టు దొరకదు. ఈ మార్పు చాలావరకు అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన ప్రతే వస్తేనే పురుగు బతుకుతుంది. మారిన ప్రతులు వెయ్యింట ఒకటి ఉన్నప్పుడు బతికేది పది లక్షల్లో ఒక పురుగు. పదింట ఒకటైతే నూటికి ఒకటి. సగానికి చేరితే నాలుగింట ఒకటి.

ఈ పెరుగుదలను ఆపడానికే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్‌-బీటీ గింజలు ఇచ్చేవారు. చేను చుట్టూ ఆశ్రయ పంటగా వేసిన ఆ వరుసల్లో పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న వాటితో జతకడతాయి. పిల్లలకు ఒక్క మారిన ప్రతే అందుతుంది, అవి బీటీ తిని చస్తాయి. చాలా చోట్ల ఆ చిన్న ప్యాకెట్ చేనులోకే వెళ్లలేదు. ఈ తప్పు రైతుది అనను. పురుగును పెంచే వరుస ఎందుకు వేయాలో గట్టు మీద నిలబడి చూపించినవాళ్లు తక్కువ.

పత్తిని తినే మరో పురుగు, శనగపచ్చ పురుగుకు కంది, శనగ చేలే ఆశ్రయమిచ్చాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. 2009 పంటలోనే గుజరాత్‌లోని అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో మొదటి బీటీ పత్తిలోని క్రై ప్రోటీన్ క్రై1ఏసీని తట్టుకునే పురుగు బయటపడింది. 2006లో వచ్చిన రెండు క్రై జన్యువుల పత్తిని కూడా పదేళ్లు తిరిగేసరికి తట్టుకుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మనం వేసేవి దాదాపు అన్నీ హైబ్రిడ్‌లు. మొక్కలో ఒక్కో క్రై జన్యువుకు ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి కాయలోని గింజల్లో అవి విడిపోతాయి. సగటున పదహారు గింజల్లో తొమ్మిదింటికి రెండు జన్యువులూ ఉంటాయి, ఆరింటికి ఏదో ఒకటే, ఒకదానికి ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది ఆ గింజలనే. పైకి బాగానే కనిపించే కాయను పగలగొడితే రంగు మారిన దూది, అతుక్కుపోయిన జంట గింజలు, మధ్యలో పురుగు. విషమున్న గింజా లేని గింజా పక్కపక్కనే ఉన్న ఆ కాయలో, కొంచెం తట్టుకోగల పురుగు కూడా బతికి తన జన్యువును తర్వాతి తరానికి అందిస్తుంది. అమెరికాలో వేసేవి ఎక్కువగా సూటి రకాలు, వాటిలో గింజలన్నిటికీ క్రై ఉంటుంది. అరిజోనా రైతులు ఆశ్రయ పంట వేశారు, ఆ తర్వాత వంధ్యం చేసిన పురుగులను వదిలారు. తమ పత్తి చేలలో గులాబీ పురుగు నిర్మూలనమైందని 2018లో ఆ దేశం ప్రకటించింది.

గింజల్లోని ఈ 9:3:3:1 నిష్పత్తి మన ఇంటర్ విద్యార్థులకు కంఠస్థమే, బఠాణీల బొమ్మతో. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు ప్రాంతాల్లో బడి దాటితే పత్తి చేనే. కాయలోంచి గింజలు తీసి, ఒక్కొక్కటి విడిగా నూరి, ద్రావణంలో కలిపి క్రైని గుర్తించే స్ట్రిప్ ముంచితే కొద్ది నిమిషాల్లో గీతలు పడతాయి. నిష్పత్తి చేతికి అందుతుంది. లింగాకర్షక బుట్టల్లో పడిన గులాబీ పురుగు రెక్కల పురుగులను లెక్కపెట్టడం ఇంకా తేలిక. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడినా, పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు నూటికి పది దాటినా మందు అవసరం. గుడ్డు పగిలాక పురుగు త్వరలోనే కాయలోకి దూరుతుంది, ఆ తర్వాత పైన చల్లింది దానికి తగలదు. ఈ లెక్క నేర్పని ప్రయోగశాల ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు నాన్‌-బీటీ గింజలను బీటీలోనే 5 నుంచి 10 శాతం కలిపి అమ్ముతున్నారు. వేరే ప్యాకెట్ పారేసే సమస్య తీరింది. అయితే మారిన ప్రతులు అరుదుగా ఉన్నప్పుడు పనిచేసిన పద్ధతి అవి నిండిపోయిన ఊళ్లో అంతగా పనిచేయదు. ఏ ఊళ్లో ఎంతవరకు వచ్చాయో తెలియాలంటే ఏటా కాయల్లోంచి పురుగులను తీసి, క్రై కలిపిన మేత పెట్టి, ఎన్ని బతికాయో చూడాలి.