వఫాదారీ పాయింట్లు, గోవా సముద్రం, మన ఖాందాన్

లాయల్టీ ప్రోగ్రామ్ అనే మాటను మన జుబాన్‌లో చెప్పాలంటే వఫాదారీ అనాలి. మంచి లఫ్జ్. కానీ హోటల్ కంపెనీలు ఆ లఫ్జ్‌ను వాడే తీరు చూస్తే, వఫా అంతా మనవైపు నుంచే ఉండాలి అన్నట్టు ఉంటుంది. ఈ మధ్య మన ఇళ్లలో దాదాపు ప్రతి ఖాందాన్‌లో ఒక అబ్బాయో అమ్మాయో కంపెనీ పని మీద బెంగళూరు, ముంబై, దుబాయ్ తిరుగుతూ మారియట్ పాయింట్లో హయత్ పాయింట్లో పోగేసుకుంటున్నారు. పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "భాయ్, పాయింట్లు ఉన్నాయి. అమ్మీ అబ్బాలకు సముద్రం చూపించాలి. గోవాలో ఏది బెహతర్?"

సవాల్ ఎక్కువగా రెండు హోటళ్ల మధ్యే తిరుగుతుంది. ఒకటి బంబోలిమ్‌లోని గ్రాండ్ హయత్. రెండోది అరోసిమ్‌లోని ఐటీసీ గ్రాండ్ గోవా. ఐటీసీదే అయినా మారియట్ వాళ్ల లగ్జరీ కలెక్షన్ కింద నడుస్తుంది కాబట్టి బాన్‌వాయ్ పాయింట్లు అక్కడ చెల్లుతాయి. నా రాయ్ ముందే చెప్పేస్తాను: ప్రోగ్రామ్ హయత్‌ది మేలు, సముద్రం ఐటీసీది మేలు. ఒంటరిగానో మియా బీవీ ఇద్దరేనో అయితే మొదటిది చూడండి. ఖాందాన్‌తో వెళ్తే సముద్రం వైపే మొగ్గండి.

ముందు ఒక కిస్సా. ఇప్పటి ఐటీసీ గ్రాండ్ గోవా ఒకప్పుడు పార్క్ హయత్ గోవా. 45 ఎకరాల స్థలం, పాత పోర్చుగీసు గ్రామంలా కట్టిన ఇళ్లు, నీళ్ల కాలువలు. అప్పు వసూలు కోసం జరిగిన వేలంలో 2015లో ఐటీసీ దాన్ని 515 కోట్లకు కొన్నది. కోర్టుల్లో ముఖద్దమా నడిచి, 2018లో సుప్రీం కోర్టు ఐటీసీ పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడాది బోర్డు మారింది. ఆ సముద్రం కోసమే హయత్ పాయింట్లు దాచుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి. ఇసుక అదే, కొబ్బరి చెట్లు అవే, పాయింట్లు మాత్రం ఇక ఆ గేటు దాటవు. అందుకే నేను పాయింట్లను బంగారంలా దాచవద్దంటాను. రెండు ప్రోగ్రాముల్లోనూ 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే అవి ఎలాగూ ఖతం.

ఇక హిసాబ్. మారియట్ వాళ్లు ఇలాంటి హోటళ్లలో డాలరుకు 10 పాయింట్లిస్తారు, హయత్ 5 ఇస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, మారియట్ రెట్టింపు ఇస్తోందని. ఇచ్చేది ఎంత అని కాదు, రాత్రికి అడిగేది ఎంత అని చూడాలి. లెక్క కోసం గది రాత్రికి 20,000 రూపాయలు, డాలరు 85 అనుకుందాం. రెండు రాత్రులకు మారియట్‌లో సుమారు 4,700 పాయింట్లు, హయత్‌లో 2,350. ఏ స్థాయి మెంబర్‌షిప్ లేని మామూలు సభ్యుడి సంగతి ఇది. మీరే చెప్పండి, ఇంత ఖర్చు పెట్టి వచ్చినవాడికి ఒక్క ఫ్రీ రాత్రి చేతికి రావాలంటే ఇలా ఎన్నిసార్లు రావాలి? హయత్‌లో ఒక ఫాయిదా ఉంది. ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లో చార్టు వేసి ముందే చెబుతుంది. మారియట్ 2022లో చార్టు తీసేసింది. ఇప్పుడు రేటు విమానం టికెట్‌లా రోజుకో రకం. దసరా సెలవుల్లో ఒక లెక్క, జూలై వానల్లో ఇంకో లెక్క. పిల్లల స్కూలు సెలవుల్ని బట్టి ప్రయాణం కట్టుకునే మనలాంటి వాళ్లకు ఇది నుక్సాన్.

పాయింట్ల కంటే పెద్ద ఆశ 'స్టేటస్'. మారియట్‌లో ప్లాటినం కావాలంటే ఏడాదికి 50 రాత్రులు, హయత్‌లో గ్లోబలిస్ట్ కావాలంటే 60 రాత్రులు. అంటే ఇంటికి దూరంగా రెండు నెలలు హోటళ్లలో పడుకున్నవాడికి దొరికే ఇనామ్ అది. ఆ ఇనామ్‌లో ఏముంది? సాయంత్రం క్లబ్ లౌంజ్‌లో కాక్‌టెయిల్ గంట. బార్‌లో తగ్గింపు. స్పాలో తగ్గింపు. వీటిని మన హిసాబ్‌లోంచి కొట్టేయండి. బ్రోచర్‌లో సగం పేజీ అక్కడే పోయింది. మిగిలేవి మూడు: నాశ్తా, గది పెద్దదవడం, ఆలస్యంగా ఖాళీ చేసే సౌకర్యం. మన లెక్కకు ఈ మూడే అసలు.

నాశ్తా దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఖాందాన్ ఇజ్జత్ అక్కడే దెబ్బతింటుంది. పాయింట్లతో తీసుకున్న రాత్రి ఫ్రీ, అంతవరకే. స్టేటస్ లేకపోతే నాశ్తా బిల్లు వేరు. స్టేటస్ ఉన్నా మారియట్ ప్లాటినం సభ్యుడు స్వాగత కానుక కింద నాశ్తా ఎంచుకుంటే అది అతనికి, ఆ గదిలో ఇంకొక్కరికి. హయత్ గ్లోబలిస్ట్‌కు ఒక గదిలో ఇద్దరు పెద్దలకు, ఇద్దరు పిల్లలకు. ఇద్దరు పిల్లలున్న జంటకు హయత్ ఇచ్చేది స్పష్టంగా ఎక్కువ. కానీ మన ఇళ్లలో అమ్మీ, అబ్బా, ఒక బేవా ఖాలా, పెళ్లి కాని చెల్లెలు కూడా వస్తారు. వాళ్లు వేరే గదుల్లో ఉంటారు. బఫే ముందు నిలబడి అమ్మీ తలకు ఎంతో లెక్క వేస్తుంది, తర్వాత "నాకు ఆకలిగా లేదు బేటా, చాయ్ చాలు" అంటుంది. ఆ మాట వినడానికా మనం గోవా వెళ్లేది? కాబట్టి పాయింట్ల ధర ఎంత బాగున్నా, పెద్దవాళ్ల గదికి నాశ్తాతో కలిపిన రేటు డబ్బు కట్టి తీసుకోండి. పాయింట్లు మీ గదికి వాడుకోండి.

హయత్‌లో నాకు నిజంగా నచ్చిన విషయం ఒకటుంది. గ్లోబలిస్ట్ సభ్యుడికి 'గెస్ట్ ఆఫ్ ఆనర్' అని కొన్ని అవార్డులు వస్తాయి. వాటిని ఇంకొకరికి ఇస్తే, కొడుకు దుబాయ్‌లో డ్యూటీలో ఉన్నా అమ్మీ అబ్బాలు అతని హోదాతోనే గోవాలో మెహమాన్ అవుతారు. మారియట్‌లో సభ్యుడు తానే అక్కడ ఉండాలి. ఇంటివాళ్లకు అందే ఫాయిదా అంటే ఇలా ఉండాలి. ఎవరి కొడుకు దగ్గరైనా ఇది ఉంటే నేను పైన చెప్పిన రాయ్‌ను పక్కన పెట్టి బంబోలిమ్‌కే వెళ్లండి.

మరి అలాంటి కొడుకు లేనివాళ్లకు సముద్రమే ఎందుకు ముఖ్యం?

బంబోలిమ్ పణజీకి దగ్గర. గ్రాండ్ హయత్ ఉన్నది జువారీ నది సముద్రంలో కలిసే చోట, ఒక అఖాతం ఒడ్డున. ఎదురుగా అవతల మోర్ముగావ్ రేవు. తోటలు బాగుంటాయి, నీళ్లు నిదానం, కానీ తీరం చిన్నది. చిన్న పిల్లలున్నవాళ్లకు ఆ నిదానం బాగుంటుంది. సముద్రం అంటే అలలు, దూరం వరకు ఇసుక అనుకుని వచ్చిన పెద్దవాళ్లకు మాత్రం "ఇదేనా దరియా?" అనిపిస్తుంది. అరోసిమ్ అలా కాదు. అక్కడ మొదలైన ఇసుక ఉటోర్డా, మజోర్డా, కోల్వా మీదుగా దక్షిణాన మోబోర్ వరకు దాదాపు ఇరవై కిలోమీటర్లు సాగుతుంది. ఫజర్ తర్వాత, టూరిస్టులు లేవకముందు, బుర్ఖాలో ఉన్న మన ఆడవాళ్లు ఎవరి నజర్ గురించీ ఆలోచించకుండా ఎంత దూరమైనా నడవచ్చు. ఏ హోటల్ సముద్రాన్నీ తనదని చెప్పుకోలేదు కూడా. మన దేశంలో తీరం అవామ్‌ది. హోటల్ గేటు, కుర్చీలు, గొడుగులు హోటల్‌వి. అలలు తడిపే ఇసుక అందరిదీ.

ఇంకో చిన్న మాట. మన వైజాగ్‌లో, సూర్యలంకలో సముద్రం తూర్పున ఉంటుంది, నమాజుకు నిలబడితే దరియా వెనక్కి పోతుంది. గోవాలో పడమటి సముద్రం. ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా వస్తుంది. అరోసిమ్ ఇసుక మీద జానమాజ్ పరిస్తే దరియా ఎదురుగా ఉంటుంది. ఏ ప్రోగ్రామూ దీనికి పాయింట్లు అడగదు.

వానాకాలం సంగతి మర్చిపోవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గదులు చవక, పాయింట్లూ తక్కువ పడతాయి, కానీ అరేబియా సముద్రంలో దిగడం ఖతర్నాక్. లైఫ్‌గార్డ్ ఎర్ర జెండా పెట్టాడంటే పిల్లల్ని మోకాలి లోతుకు కూడా పంపకండి. ఆ నెలల్లో పాయింట్లు వాడేట్టయితే, నీళ్లు నిదానంగా ఉండే బంబోలిమ్‌లో కూడా అదే ఎహ్తియాత్ ఉండాలి.

స్విమ్మింగ్ పూల్ మీద అసలు గొడవ. పేరు చెప్పను, ఈ రెండూ కావు. ఒక సముద్రపు రిసార్టులో మా భతీజీని పూల్ దగ్గర ఆపేశారు. ఒంటినిండా కప్పే స్విమ్ సూట్ వేసుకుంది, తలకు టోపీ పెట్టుకుంది. "నైలాన్ మాత్రమే మేడమ్" అన్నాడు కాపలా కుర్రాడు. అది నైలానే. పదిహేను నిమిషాలు మేనేజర్ కోసం తడి కాళ్లతో నిలబడింది, చుట్టూ అందరూ చూస్తుండగా. పన్నెండేళ్ల పిల్ల. చివరికి దిగమన్నారు, ఆమె దిగలేదు. అప్పటి నుంచి నాది ఒకటే ఉసూల్. బుకింగ్‌కు ముందే హోటల్‌కు ఈమెయిల్ రాసి, "చేతులు కాళ్లు కప్పే లైక్రా లేదా నైలాన్ స్విమ్ సూట్‌కు అభ్యంతరం లేదు కదా" అని అడగండి. జవాబు రాతలో తీసుకోండి. సభ్యుల నంబరు ఈమెయిల్‌లో రాయండి. వఫాదారీ నంబరుకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు. మామూలు గెస్టు ఈమెయిల్ కన్నా దానికి తొందరగా జవాబు వచ్చే ఇమ్కాన్ ఎక్కువ. కాటన్ సల్వార్ కమీజ్‌తో దిగడం మాత్రం ఎక్కడా ఒప్పుకోరు, దానికి కారణమూ ఉంది. నూలు పోగులు ఫిల్టర్లలో చేరతాయి. ఆ జిద్ మనం చేయకూడదు.

భోజనం విషయంలో గోవాలో కాస్త చూసుకోవాలి. సోర్పోటెల్ పంది మాంసం. చోరిస్ అనే సాసేజ్ కూడా అదే. విందాలూ హైదరాబాద్ హోటల్లో చికెన్‌తో దొరికినా గోవాలో అసలు సంప్రదాయం పందితోనే. బఫేలో ఇవి పక్కపక్కనే ఉండొచ్చు, గరిటెలు మారొచ్చు. చెఫ్‌ను పిలిచి గోష్త్ హలాలా అని అడగడానికి సిగ్గుపడకండి, పెద్ద హోటళ్లలో ఈ సవాల్ వాళ్లకు కొత్త కాదు. షక్ ఉంటే చేపల కూర, అన్నం. అది గోవా ఇంటి భోజనం, కొబ్బరి వేసి చేస్తారు, మన కోస్తా వాళ్లకు నాలుకకు వెంటనే పడుతుంది. రొయ్యల మీద మన హనఫీల ఇఖ్తిలాఫ్ మీ దస్తర్‌ఖాన్ దగ్గరే తేల్చుకోండి. పొరలు పొరలుగా ఉండే బెబింకా మిఠాయి కొబ్బరిపాలు, గుడ్లతో చేసేది. అబ్బాకు తప్పక తినిపించండి.

జుమా రోజు గది ఖాళీ చేయాల్సి వస్తే పెద్ద పరేషానీ. చెకౌట్ గంటా, జుమా గంటా ఢీకొంటాయి. హయత్‌లో డిస్కవరిస్ట్‌కు, మారియట్‌లో గోల్డ్‌కు 2 గంటల వరకు అడిగే హక్కుంది, కానీ రిసార్టుల్లో గది ఖాళీగా ఉంటేనే ఇస్తారు. ఆ భరోసా మీద ఉండకుండా శనివారం తిరిగి వచ్చేలా కట్టుకోండి. విమానం టికెట్ తీసేటప్పుడు దబోలిమా, మోపానా అని కూడా చూడండి. మోపా విమానాశ్రయం 2023లో మొదలైంది, ఉత్తరాన ఎక్కడో ఉంది. అరోసిమ్‌కు దబోలిమ్ చాలా దగ్గర. టికెట్‌లో మిగిలిన వెయ్యి రూపాయలు మోపా నుంచి టాక్సీవాడికి రెండింతలై పోతాయి.

బ్యాంకు కార్డు గురించి కూడా అడుగుతున్నారు. హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ కార్డు ఏడాదికి 3,000 రూపాయల ఫీజు మీద, 15,000 పాయింట్ల లోపు ఖరీదున్న ఒక ఫ్రీ రాత్రి ఇస్తుంది, సిల్వర్ హోదా ఇస్తుంది. సిల్వర్‌తో నాశ్తా రాదు. బిల్లు ఆలస్యమైతే పడేది సూద్. ఆ కరార్ మీద సంతకం చేయవచ్చా లేదా అన్న మసలా మీ ముఫ్తీ సాబ్ చెప్పాలి, నేను కాదు.

బుకింగ్ చేసేటప్పుడు మూడు గదులూ ఒకే సభ్యుడి పేరు మీద, హోటల్ సొంత సైటులోనే తీసుకోండి. రెండు ప్రోగ్రాములూ సభ్యుడు ఒక గదిలో ఉండి బిల్లు కడితే మూడు గదుల వరకు పాయింట్లిస్తాయి. బయటి ట్రావెల్ యాప్‌లో తీసుకుంటే పాయింట్లూ రావు, హోదా కూడా చెల్లదు. ఐటీసీకి తన సొంత క్లబ్ కూడా ఉంది కాబట్టి రిసెప్షన్‌లో బాన్‌వాయ్ నంబరే వేశారా అని ఒకసారి తస్దీఖ్ చేసుకోండి. క్యాన్సిల్ చేసుకునే వీలున్న రేటు తీసుకుని, పూల్ గురించి, హలాల్ గురించి రాతలో జవాబు వచ్చాకే అమ్మీకి చెప్పండి.