మొదటి ధర చెప్పడమే మొదటి అడుగు

మీ ఇంట్లో బిస్కెట్లో, కేకులో చక్కగా చేసేవారు ఉన్నారా? బహుశా ఆ మనిషి మీరే కావచ్చు. పండుగకూ పుట్టినరోజుకూ నాలుగిళ్లకు పంచి ఉంటారు. తిన్నవాళ్లు "ఇవి అమ్మకూడదూ!" అని ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆశ కలుగుతుంది. వెంటనే భయమూ వేస్తుంది. ఓవెన్ ఎక్కడిది? పెట్టుబడి ఎక్కడిది? ఎవరూ కొనకపోతే?

వీటిలో కొన్నింటికి ఉపాయం మన చుట్టూనే ఉంది. ఓవెన్ లేనివారు అడుగున ఇసుక పోసిన మందపాటి గిన్నెలో కేకు చేసుకుంటారు. క్రిస్మస్ రోజుల్లో కలిపిన పిండిని వీధి బేకరీకి తీసుకువెళ్లి, కాల్చినందుకు కొంత డబ్బిచ్చి తెచ్చుకునే కుటుంబాలు హైదరాబాదులో ఉన్నాయి. కాబట్టి మొదటి రోజే అప్పు చేసి యంత్రం కొననవసరం లేదు. నా అభిప్రాయంలో మనల్ని ఎక్కువగా ఆపేది మొహమాటం. వంటింట్లో పులిలా ఉండేవారు కూడా "కిలో ఇంత" అని చెప్పవలసి వచ్చేసరికి పిల్లి అయిపోతారు. ధర చెప్పగలిగిన రోజే వ్యాపారం మొదలైనట్టు.

కేరళలోని తలశ్శేరిలో జరిగిన ఒక సంగతి చూడండి. బర్మాలో బిస్కెట్ల తయారీ నేర్చుకున్న మాంబళ్ళి బాపు 1880లో ఆ ఊళ్లో బిస్కెట్ల కర్మాగారం పెట్టాడు. 1883లో మర్డోక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు చూపించి, అటువంటిది చేయగలవా అని అడిగాడట. అంతకు ముందు బాపు అటువంటి కేకు చేయలేదు. అయినా ఒప్పుకున్నాడు. కమ్మరి చేత అచ్చు చేయించుకుని, ఆ ప్రాంతంలో దొరికే సరుకులు వాడి ఒక కేకు చేశాడు. రుచి చూసిన బ్రౌన్ మరో డజను కావాలన్నాడని చెబుతారు. బాపు ముందు ఒక్కటే చేశాడు. అదీ అడిగిన మనిషి కోసం చేశాడు. డజను తర్వాత వచ్చింది. ఈ క్రమం మనకూ పనికివస్తుంది.

ఇక ధర ఎలా నిర్ణయించాలి? నాన్‌ఖటాయి బిస్కెట్లు ఒక కిలో చేశారనుకుందాం. మైదా, పంచదార, నెయ్యి కలిపి 260 రూపాయలు. గ్యాసు 20. అట్టపెట్టె 15. మాడినవీ విరిగినవీ పోగా నష్టం 15. మొత్తం 310 రూపాయలు. (ధరలు ఊరిని బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి గమనించండి.) మొహమాటపడి 320కి అమ్మితే పది రూపాయలు లాభం వచ్చిందనిపిస్తుంది. కాని మీరు పొయ్యి దగ్గర గడిపిన రెండు గంటల మాటేమిటి? గంటకు 50 రూపాయలు వేసుకున్నా అసలు ఖర్చు 410 అవుతుంది. అంటే మీరు రెండు గంటలు పది రూపాయల కూలికి పనిచేశారన్నమాట! ఇంటి పనిలో ఆడవారి శ్రమకు కూలి లెక్క కట్టే అలవాటు మనకు లేదు. వ్యాపారంలోనూ అలాగే చేస్తే ఎంత అమ్మినా చేతిలో ఏమీ మిగలదు.

"ఇరుగుపొరుగు వారి దగ్గర డబ్బు తీసుకోవడం బాగుంటుందా?" అని కొందరు అడుగుతారు. పక్కింటి దర్జీ రవిక కుట్టి కూలి తీసుకుంటే మనం తప్పు పడుతున్నామా? రుచికి ఒక ముక్క ఊరికే ఇవ్వండి. అడిగి చేయించుకున్నదానికి మాత్రం డబ్బు తీసుకోండి. ఇందులో మరో మేలుంది. ఊరికే తిన్నవారు మెచ్చుకుంటారు. డబ్బిచ్చి కొన్నవారు తీపి ఎక్కువైందనో, అడుగు మాడిందనో నిజం చెబుతారు. మీ సరుకు బాగుపడేది ఆ మాటలతోనే.

ధైర్యమంటే నియమాలను పక్కన పెట్టడం కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఇంట్లో చేసి అమ్మే చిన్న వ్యాపారి కూడా పేరు నమోదు చేయించుకోవాలి. అమ్మకం మొదలుపెట్టే ముందే ఆ పని పూర్తి చేయండి. తయారుచేసే చోటు, చేతులు, నీరు శుభ్రంగా ఉండాలి.

భయం పూర్తిగా పోయాక మొదలుపెడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. భయపడుతూనే ఒక కిలో చేయండి. ఖర్చులన్నీ, మీ కూలితో సహా, ఒక కాగితం మీద రాయండి. వచ్చిన ధరను మీలో మీరు పదిసార్లు పైకి అనుకోండి. తరువాత ఒక్కరికి చెప్పండి. వారు వద్దంటే మీకు పోయేది ఏమీ లేదు. సరేనంటే మీకు మొదటి ఖాతాదారు దొరికినట్టే.