కళాశాల మైదానము – వేలంపాట

సాయంకాలము ఎండ చల్లబడిన పిమ్మట సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని ఆటస్థలముల వైపు నడచినవారికి ఒక దృశ్యము తఱచు కన్పట్టును. సున్నముతో గీసిన గీతల నడుమ కొందఱు యువకులు, మోకాళ్లకు మన్నంటియుండగా, ఊపిరి బిగబట్టి కూతకు పోవుచుందురు. మిగిలినవారు చేయి చేయి కలిపి పట్టుటకై పొంచియుందురు. గట్టుమీద కూర్చున్న పెద్దలు మునుపు ఇట్టి పిల్లవానిని చూచి "వీనికి పోలీసులో గాని, రైల్వేలో గాని నౌకరి దొరకునా?" అని అనుకొనెడివారు. ఇప్పుడు "వీడు వేలములోనికి పోవునా?" అని యడుగుచున్నారు. ఆటకు వచ్చిన మార్పంతయు ఈ రెండు ప్రశ్నల నడుమనే యున్నది.

పఠనమందిరములలో దీనిపై రెండు పక్షములు వినవచ్చుచున్నవి. బలమున్న వయసులో డిగ్రీ పుస్తకములు పట్టుకొని కూర్చుండుట వ్యర్థమనియు, వేలములో ఒక్కసారి పేరు పలికినచో జన్మ తరించుననియు ఒక పక్షము. వేలమనునది చీట్లాట వంటిదనియు, చదువు విడిచినవాడు రెంటికి చెడిన రేవడి యగుననియు రెండవ పక్షము. ఇరువురును కళాశాల జట్టులోని కుఱ్ఱవానిని, వేలములో ధర పలికినవానిని ఒకే త్రాసులో పెట్టి తూచుచున్నారు. ఆ త్రాసే సరియైనది కాదని నా మనవి.

చెడుగుడు ఆటపై మన ప్రాంతమువారికి గల మమకారము కొత్తగా చెప్పవలసినది కాదు. 2021వ సంవత్సరము మార్చి మాసమున 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలో ఏర్పాటైనవి. మార్చి 22వ తేదీ సాయంకాలము ప్రేక్షకుల కొఱకు కట్టిన గ్యాలరీ జనముతో నిండియుండగా కూలిపోయినది. నూఱుమందికి పైగా గాయపడిరి. ఆ జనము సినిమా తారలను చూడ వచ్చినది కాదు. కోట్లు పలికిన వీరులను చూడ వచ్చినదియు కాదు. లోకమింకను పేరెఱుగని జూనియరు పిల్లల ఆట చూడ వచ్చినది. ఇంత అభిమానమును మోయగల కట్టడము ఆనాడు మన జిల్లా కేంద్రమున లేకపోయినది. ఆట యెడల ప్రేమకు కొఱత లేదు; ఆటకు వలసిన ఏర్పాటునకే కొఱత. ఈ వ్యాసమున నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క సంగతినుండి పుట్టినదే.

వేలమనిన నేమో ముందు చూతము. వకీలునగుటచే ఆ మాట నాకు నిత్యము చెవిని బడునదే. కోర్టు అమీను బాకీదారుని యిల్లును, పొలమును వేలము వేయించుట మేము చూచుచునే యుందుము. మనుష్యులకు ఆ మాటను వర్తింపజేయుట మొదట నాకు కటువుగా తోచినది. అయినను మాటను చూచి పనిని నిందింపరాదు. ప్రొ కబడ్డీ లీగు 2014లో ఆరంభమైనప్పుడు జరిగిన వేలములో అత్యధికమైన ధర 12 లక్షల 80 వేల రూపాయలు; రాకేష్ కుమార్‌ను పట్నా జట్టు ఆ ధరకు తీసికొన్నది. 2023లో పవన్ సెహ్రావత్‌ను మన తెలుగు టైటాన్స్ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసికొన్నది. తొమ్మిది సంవత్సరములలో ఇరువది రెట్లు! 2024 వేలములో ఒక్కొక్క జట్టు 5 కోట్ల వరకు వెచ్చించుటకు వీలుండెను. మిక్కిలి క్రింది తరగతి ఆటగానికి సైతము ప్రారంభపు ధర 9 లక్షలు. గోచీ బిగించి పల్లెటూరి దుమ్ములో ఆడిన ఆట, ఆడినవాని యింటికి అన్నము పెట్టు స్థితికి వచ్చినది. దీనిని చూచి అసూయపడువాడు ఆటకు హితుడు కాడు.

అయితే వేలము దేనిని కొలచును? ఈ సంవత్సరము, ఈ నెలలో, ఈ దేహముతో ఆటకు సిద్ధముగా నున్నవాడెవడన్న ఒక్క సంగతినే అది కొలచును. రెండేండ్ల తరువాత పండబోవు కాయను అది లెక్కింపదు. పవన్ సెహ్రావత్ కథనే చూడుడు. 2022లో తమిళ్ తలైవాస్ జట్టు అతనిని 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. ఆ పోటీలలో తన మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని, ఆ యేడంతయు అతడు బయట కూర్చుండవలసివచ్చెను. అతడు అప్పటికే పేరుగన్నవాడు, రైల్వే జట్టులో ఆడినవాడు. కోలుకొని మఱుసటి యేడు అంతకంటె ఎక్కువ ధర పలికెను. ఆ మోకాలి దెబ్బయే మిర్యాలగూడ నుండి మొదటిసారి పోయిన పందొమ్మిదేండ్ల పేరులేని కుఱ్ఱవానికి తగిలియుండిన, మఱుసటి యేడు వాని పేరు పలుకువారెవరు? అతడు డిగ్రీ రెండవ యేట చదువు విడిచి పోయినవాడైనచో, తిరిగి వచ్చి నిలుచుటకు వానికి మెట్టు ఏది?

కళాశాలకు, వేలమునకు వైరమున్నదని తలచుట పొరపాటు. 2022 వేలమునకు పూర్వము ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల కబడ్డీ పోటీలలో మొదటి రెండు స్థానములు పొందిన జట్ల నుండి 24 మంది ఆటగాండ్రను వేలపు పట్టికలో చేర్చిరి. అనగా విశ్వవిద్యాలయపు జట్టు వేలమునకు వాకిలి యైనది. మన మూడు పట్టణముల డిగ్రీ కళాశాలలు నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. 2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, కోదాడలు ఒక జిల్లాకు, మిర్యాలగూడ మఱియొక జిల్లాకు చెందినను, పిల్లలకు విశ్వవిద్యాలయము ఒక్కటియే, జట్టు ఒక్కటియే. ఆ జట్టును బలపఱచినచో మన పిల్లలకు వాకిలి దానంతట తెఱచుకొనును.

ఆడబిడ్డల సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. హాంగ్‌జౌ ఏషియా క్రీడలలో 2023 అక్టోబరున మన దేశమునకు నూఱవ పతకమును తెచ్చినది మహిళల కబడ్డీ జట్టు. అయినను ప్రొ కబడ్డీ లీగు వేలము పురుషులకు మాత్రమే. కూతకు పోవు కోదాడ బాలికకు ఆ వాకిలి లేనేలేదు. ఆమెకు కళాశాల జట్టు, దానివలన వచ్చు యోగ్యతాపత్రము, దానివలన ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులకు కేటాయించిన నూటికి రెండు వంతులలో ఒక అవకాశము – ఇదియే దారి. కావున కళాశాల మైదానము పాడుపడినచో మగపిల్లవానికి ఒక త్రోవ మూసికొనును. ఆడపిల్లకు ఉన్న త్రోవయే మూసికొనును.

ఇక హాకీ మనకు నేర్పు పాఠము చూతము. పచ్చిక నేలపై ఆడినంత కాలము మనకు ఎదురులేదు. 1928 మొదలు 1956 వరకు ఒలింపిక్కు స్వర్ణము వరుసగా మనదే. 1976లో మాంట్రియల్ ఒలింపిక్కులలో ఆట కృత్రిమపు పచ్చికమీదికి మాఱినది. ఆ పచ్చిక వేయించుటకు పెట్టుబడి కావలెను, తడుపుటకు నీరు కావలెను. అట్టి నేల హైదరాబాదులో గచ్చిబౌలిలో కలదు గాని మన తాలూకా పట్టణములకు అది అందని పండు. నేల మాఱిన ఆటలో చిన్న పట్టణముల పిల్లలు వెనుకబడిరి. హాకీ ఇండియా లీగు 2024లో మరల ప్రారంభమై ‘హైదరాబాదు తూఫాన్స్’ అను జట్టు వెలసినది. 2025 ఫిబ్రవరిలో తుదిపోరువరకు పోయి బెంగాలు జట్టుతో 4–3 గోళ్లతో ఓడినది. పేరు మనది, ఆ పోటీలు జరిగినవి రూర్కెలాలోను, రాంచీలోను. అయినను 2024లో ఆ లీగు నిబంధనలలో మెచ్చుకొనదగిన దొకటి ఉండెను: ఒక్కొక్క జట్టులోని 24 మందిలో నలుగురు జూనియరు భారతీయ ఆటగాండ్రు తప్పక ఉండవలసియుండెను. పండిన కాయలనే గాక పిందెలను గూడ చూడవలెనని ఆ నియమము జట్ల యజమానులను కట్టడి చేసినది.

చెడుగుడునకును నేల మాఱినది. లీగులో ఆడునది చాపమీద. మనవారు నేర్చునది మన్నుమీద. చాపమీద పాదము పట్టు వేఱు, మలుపు వేఱు, పడుట వేఱు. మన్నుమీద పదేండ్లు ఆడినవాడు పరీక్షకు పోయిననాడు మొదటిసారి చాప త్రొక్కినచో తడబడక యేమి చేయును? హాకీ విషయమున మనము కాలము గడచిన తరువాత మేలుకొంటిమి. ఈ ఆట విషయమున ఇంకను వేళ మించలేదు.

విదేశములలో ఈ చిక్కును ఎట్లు తీర్చుకొన్నారో తెలిసికొనుట మేలు. ఉత్తర అమెరికాలో మంచుమీద ఆడు హాకీకి ‘నేషనల్ హాకీ లీగు’ కలదు. క్రొత్త కుఱ్ఱవారిని తీసికొనుటకు అక్కడ వేలము లేదు. ‘డ్రాఫ్టు’ అను వంతుల ఎంపిక కలదు. పదునెనిమిదేండ్ల ప్రాయపు యువకులను జట్లు ఒక్కొక్కటిగా పేర్కొనుచు పోవును. గడచిన యేడు వెనుకబడిన జట్లకు ముందు వంతు వచ్చునట్లు ఏర్పాటు. మనము గమనింపవలసినది అంతకంటె ముఖ్యమైన మఱియొక సంగతి. జట్టు పేర్కొన్నంతమాత్రమున కుఱ్ఱవాడు చదువు విడువ నక్కఱలేదు. కళాశాలలో చేరి నాలుగేండ్లు చదువుచు, ఆ కళాశాల జట్టులోనే ఆడుచు పండవచ్చును. చదువు ముగియువరకు అతనిపై జట్టు హక్కు చెక్కుచెదరదు. ఆ పద్ధతి దోషరహితము కాదు. కుఱ్ఱవానికి జట్టును కోరుకొను స్వేచ్ఛ లేదు. మొదటి ఒడంబడికలో జీతమునకు హద్దు కలదు. ఈ విషయమున మన వేలమే ఆటగానికి లాభకరము. కాని ఎన్నికకును చదువునకును అక్కడ పొత్తు కుదిరినది, ఇక్కడ కుదరలేదు. మన లీగు యాజమాన్యము విశ్వవిద్యాలయములతో కూర్చుండి మాటలాడినచో, ఎన్నికైన విద్యార్థి తన పరీక్షలు వ్రాసికొని డిగ్రీ ముగించుకొను ఏర్పాటు అసాధ్యమైనది కాదు.

తల్లిదండ్రులకు న్యాయశాస్త్రపు మాట ఒకటి చెప్పక తప్పదు. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండనివానికి ఒడంబడిక చేసికొను అధికారము లేదు. మైనరు చేసిన ఒడంబడిక మొదటినుండియే చెల్లదని ప్రీవీ కౌన్సిలు మోహరీ బీబీ వ్యాజ్యమున 1903లోనే తీర్పు చెప్పినది. కావున పదునాఱేండ్ల పిల్లవానికి లీగులో చోటిప్పింతునని చెప్పి, కాగితముపై సంతకము చేయించుకొని, ముందుగా రుసుము అడుగువానిని గడప త్రొక్కనీయకుడు. ప్రాయము వచ్చినవాడు సంతకము చేయునప్పుడు నాలుగు సంగతులు చదివి తెలిసికొనవలెను: దెబ్బ తగిలినచో వైద్యపు ఖర్చు ఎవరిది? ఆడించక కూర్చుండబెట్టినను జీతము వచ్చునా? ఒడంబడిక ఎన్ని యేండ్లు? ఆ కాలములో పరీక్షలకు, విశ్వవిద్యాలయ జట్టుకు పోవ వీలున్నదా? ఈ నాలుగింటికిని కాగితముమీద జవాబు లేనిచో సంతకము చేయరాదు. ఇట్టి కాగితము తెచ్చిన విద్యార్థివద్ద రుసుము పుచ్చుకొనక చదివిపెట్టవలెనని మూడు పట్టణములలోని నా వృత్తి సోదరులను వేడుకొనుచున్నాను.

మనము చేయదగిన పనులు అసాధ్యమైనవి కావు. మూడు పట్టణములలో ఒక్కొక్క కళాశాలయందైనను చెడుగుడు చాప నొకదానిని వేయించి, సాయంకాలము ఇతర కళాశాలల పిల్లలకు, బాలికలకు వంతులవారీగా ఇయ్యవలెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల యజమానులును, సూర్యాపేట, కోదాడ వర్తకులును గుడికి, బడికి చందా లిచ్చుట ఎఱిగినవారే. ఒక చాప వారికి భారము కాదు. పోటీలకు పోయిన విద్యార్థికి హాజరు తగ్గినదని పరీక్ష ఆపకుండ, తప్పిన పరీక్షను మరల వ్రాయనిచ్చునట్లు విశ్వవిద్యాలయము స్పష్టమైన నియమము చేయవలెను. జట్టులో చేరిన ప్రతి విద్యార్థికిని దెబ్బలకు భీమా చేయింపవలెను. ప్రేక్షకులకు వేదిక కట్టినప్పుడు ఇంజనీరు చూచి సంతకము చేయనిదే జనమును ఎక్కనీయరాదు. ఈ పాఠమునకు సూర్యాపేట ఇదివఱకే వెల చెల్లించినది.

వేలములో పేరు పలికినవానిని మనము పూలమాలలతో ఎదుర్కొందుము, ఎదుర్కొనవలసినదే. కాని ఆ రోజే పేరు పలుకక, తలవంచుకొని బస్సు దిగి యింటికి నడచి వచ్చిన పదిమంది కలరు. వారిని మఱునాడు కళాశాల తన తరగతిలోనికి, తన మైదానములోనికి తిరిగి పిలువగలదా, లేదా? పిలువగలిగిననాడు వేలమునుగూర్చి మనము భయపడవలసిన పని లేదు. పిలువలేనిచో, ఒక్కడు కోటి పలికినను అది మన పట్టణములకు లాభము కాదు. పెద్దలు ఈ సంగతి యోచించి, రాబోవు కళాశాలా సంవత్సరము ప్రారంభమగునాటికి చాప పని యొకటియైనను పూర్తిచేయుదురు గాక.