కంప్యూటరు మార్పు – కమిటీల బాధ్యత

విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. కావున సంఘపు కంప్యూటరును, దానికి తగిన శక్తి యున్నచో, విండోస్ 11కు మార్చవలసినదే. అయితే ఈ పనిని బజారు కుర్రవానికి అప్పగించి కమిటీవారు చేతులు దులుపుకొనరాదు. పాత పడుగు కొసలు అచ్చులో నుండగానే గదా మనము కొత్త పడుగు అతుకుదుము!

నూలు ఖాతా, మజూరీ పట్టీలు, డిజైన్లు ముందుగా వేరొక డిస్కులోనికి ఎక్కించవలెను. ఎక్కినవి గదా అని ఊరకుండక, మరొక కంప్యూటరులో తెరిచి చూచి, పిదప ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టవలెను. పట్టీ పోయినచో నేతగానికి రావలసిన మజూరీ ఎంతో ఎవరు చెప్పగలరు? అట్టి డిస్కు ఖర్చునకు బేరములాడు కమిటీలను చూచిన ఆశ్చర్యము కలుగును. మజూరీలిచ్చు వారములో మాత్రము ఈ పని పెట్టుకొనవద్దు.