నాజూకుతనానికి ఖరీదు ఎంత?

మన తెలుగువారు ఉర్దూ నుండి తెచ్చుకొన్న మాటలలో 'నాజూకు' ఒకటి. తెచ్చుకొన్నప్పుడు సగం అర్థాన్ని మాత్రమే తెచ్చుకొన్నామని నా అనుమానం. తెలుగులో నాజూకు అంటే సన్నగా, సొగసుగా ఉండేది. ఉర్దూలో నాజుక్ అంటే సులభంగా విరిగిపోయేది, జాగ్రత్తగా పట్టుకోవలసినది అని కూడా అర్థం. ఒక గదిలో ఒక భాష, పక్క గదిలో మరొక భాష వినిపించే ఈ కళాశాలలో ఆ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రెండవ అర్థాన్ని మరచి వస్తువులను కొంటున్న కాలమిది అని చెప్పడానికే ఈ వ్యాసం. ఇందుకు నేను ఎన్నుకొన్న ఉదాహరణ పిల్లల ఆటవస్తువు కావడం చూచి పెద్దలు నవ్వవచ్చు. నవ్వినా, చివరి వరకు చదువవలసినదిగా మనవి.

జపాను దేశపు సోనీ సంస్థ 2000వ సంవత్సరం మార్చి 4వ తేదీన 'ప్లేస్టేషన్ 2' అనే ఆటయంత్రాన్ని విడుదల చేసినది. టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే యంత్రమది. డీవీడీ చిత్రాలను కూడా చూపగలిగినందువల్ల ఆటల మీద ఆసక్తి లేని పెద్దలు సైతం దానిని ఇంటికి తెచ్చుకొన్నారు. 2013 ప్రారంభంలో తయారీ నిలిచిపోయే నాటికి పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఇంటి ఆటయంత్రాలలో దానిని మించి అమ్ముడుపోయినది నేటికీ మరొకటి లేదు.

ఆ యంత్రానికి రెండు దేహాలున్నాయి. మొదటిది నల్లని దళసరి పెట్టె. మందం 78 మిల్లీమీటర్లు, బరువు రెండు కిలోలకు పైన. నిలువుగానూ, అడ్డంగానూ పెట్టుకోవచ్చు. మీట నొక్కితే ముందు భాగం నుండి డిస్క్ పళ్ళెం సొరుగు వలె బయటకు వచ్చేది. రెండవ దేహం 2004 సెప్టెంబరులో ప్రకటింపబడి, ఆ సంవత్సరం చివరి మాసాలలో అంగళ్ళకు వచ్చినది. మందం 28 మిల్లీమీటర్లు, బరువు 900 గ్రాములు. ఆక్రమించే చోటు పాతదానిలో నాలుగవ వంతు కంటె తక్కువ. నోటుపుస్తకాల దొంతరలో పెడితే కనిపించదు. పళ్ళెం పోయి, పైన చిన్న మూత వచ్చినది.

ఇది ఎట్లా సాధ్యమైనదో తెలిసికొంటే గాని మెచ్చుకోవలసినదెంతో, ప్రశ్నించవలసినదెంతో తేలదు.

మెచ్చుకోవలసిన భాగం చిప్పులో ఉన్నది. మొదటి యంత్రంలో లెక్కలు చేసే చిప్పు వేరు, బొమ్మలు గీసే చిప్పు వేరు. రెండూ పెద్దవి, రెండూ వేడెక్కేవి. ఆ వేడిని పంపివేయడానికి లోహపు రెక్కలు, పంకా, గాలి ఆడే చోటు కావలసి వచ్చినవి. తొలి చిప్పుల గీతల కొలత 250 నానోమీటర్లు. నాలుగేండ్లలో అది 90కి దిగినది. రెండు చిప్పులు కలిసి ఒకే సిలికాన్ పలక మీదికి వచ్చినవి. గీత సన్నబడితే ట్రాన్సిస్టర్ తక్కువ విద్యుత్తుతో పనిచేస్తుంది. విద్యుత్తు తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే పెట్టె తగ్గుతుంది. ఒకే పళ్ళెంలో ఎక్కువ చిప్పులు తయారవుతాయి గనుక ధర కూడా తగ్గుతుంది. ఇది నిజమైన నాజూకు. సామర్థ్యాన్ని కోల్పోకుండా లోపలి శ్రమవల్ల సన్నబడిన తీరు. ఇంజనీర్లకు నమస్కారం పెట్టవలసిన చోటు ఇది.

కాని సన్నదనమంతా ఇట్లా సంపాదించినది కాదు. పాత యంత్రంలో విద్యుత్తును మలచే భాగం పెట్టె లోపలనే ఉండేది. కొత్తదానిలో దానిని తీసి తీగకు తగిలించి బయట పడవేశారు. ఇంటిలోని బియ్యం బస్తాను అరుగు మీద పెట్టి, చూడండి ఇల్లెంత విశాలమైనదో అన్నట్లున్నది ఈ వరుస! బస్తా అరుగు మీద ఉన్నంత మాత్రాన దాని చిక్కులు తీరలేదు. 2004 ఆగస్టు, డిసెంబరు నెలల మధ్య తయారైన ఆ అడాప్టర్లు వేడెక్కవచ్చునని చెప్పి, సోనీ 2005 సెప్టెంబరులో సుమారు 35 లక్షల అడాప్టర్లను వెనుకకు పిలిపించి మార్చి ఇవ్వవలసి వచ్చినది. న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. ఆ తరువాత కొన్నేండ్లకు వచ్చిన చివరి నమూనాలో ఆ భాగాన్ని తిరిగి పెట్టె లోపలికి తెచ్చారు. పెట్టె సన్నగానే ఉన్నది. అంటే శ్రద్ధ పెడితే బస్తాను ఇంట్లోనే సర్దవచ్చునన్నమాట.

ఇక నా అసలు ఫిర్యాదు. పాత యంత్రం వెనుక ఒక ఖాళీ అర ఉండేది. దానిలో హార్డ్ డిస్క్‌ను అమర్చుకొనే వీలున్నది. సన్నని యంత్రంలో ఆ అర లేదు. తంతి ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే రంధ్రాన్ని మాత్రం లోపలనే చేర్చారు. అది మంచి పనే. అర పోవడం ఎవరికి నష్టం? అమెరికాలో ఆ హార్డ్ డిస్క్‌ను ఒక ప్రసిద్ధమైన ఆటతో కలిపి అమ్మినది 2004 మార్చిలో. అదే సంవత్సరం శీతాకాలానికి, దానిని పెట్టుకొనే చోటు లేని యంత్రం వచ్చినది. మార్చిలో కొన్నవాని సంగతి ఊహించుకోవలసినదే.

ఆటల మాట అటుంచండి. విద్యార్థులకు సంబంధించిన సంగతి వేరొకటి ఉన్నది. 2002లో సోనీయే ఈ యంత్రానికి లైనక్స్ సామగ్రిని అమ్మినది. కీబోర్డు, మౌసు, 40 గిగాబైట్ల హార్డ్ డిస్క్, డిస్కులలో లైనక్స్. వాటిని తగిలిస్తే ఆటబొమ్మ కాస్తా కంప్యూటరైపోయేది. పిల్లవాడు ఆడడం మాని ఆటను రాయడం మొదలుపెట్టవచ్చు. 2003లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం వారు ఈ యంత్రాలను సుమారు డెబ్బదింటిని బల్లల మీద వరుసగా పేర్చి, తీగలతో కలిపి, శాస్త్ర గణనలకు వాడి చూచారు. దుకాణంలో అమ్మే ఆటవస్తువులతో సూపర్‌కంప్యూటరుకు నమూనా! ఆ సామగ్రి అంతా వెనుక ఉన్న ఖాళీ అర మీద ఆధారపడినది. అర పోయినది, కొత్తగా కొన్నవానికి ఆ దారి మూసుకొన్నది. ఆడవచ్చు, చూడవచ్చు, లోపలికి వెళ్ళరాదు.

'ఎందరు వాడారండీ ఆ అరను?' అని ఒక సహాధ్యాపకుడు నన్నడిగారు. సమంజసమైన ప్రశ్నయే. వాడని వస్తువుకు అందరూ డబ్బెందుకు చెల్లించాలి? అయితే గ్రంథాలయంలో కూడా కొన్ని పుస్తకాలు ఏండ్ల తరబడి ఎవరూ ముట్టరు. ఆ అలమరను తీసివేస్తే గది విశాలమవుతుంది. ఏదో ఒక సంవత్సరం ఒక పిల్లవాడు వచ్చి ఆ పుస్తకాన్నే అడుగుతాడు. విద్యాసంస్థలో ఉన్నవాళ్ళం మనం లెక్కించవలసినది ఆ ఒక్కనిని కూడా.

ఎదుటి పక్షాన ఉన్న బలాన్ని దాచడం నాకిష్టం లేదు. మొదటి యంత్రం అమెరికాలో 299 డాలర్లకు వచ్చినది. సన్నది 149కి వచ్చినది. 2009 నాటికి 99కి దిగినది. లక్షల కుటుంబాలకు మొదటిసారిగా అందుబాటులోకి వచ్చినది సన్నని యంత్రమే. దాని గిరాకీ ఎంతటిదంటే, 2004 నవంబరులో సూయజ్ కాలువలో ఒక చమురు ఓడ అడ్డం పడి రాకపోకలు నిలిచిపోగా, క్రిస్మస్ అమ్మకాలు తప్పిపోరాదని బ్రిటనుకు ఈ యంత్రాలను భారీ ఆంటొనోవ్ విమానాలలో తరలించారు.

మన హైదరాబాదుకు కలిగిన మేలు ఇంకా ముఖ్యం. 2009లో హనుమంతుని బాల్యం మీద ప్లేస్టేషన్ 2 కొరకు ఒక ఆట వచ్చినది. ఆ యంత్రానికి భారతదేశంలో తయారైన మొదటి ఆట అది. తయారుచేసినది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. అదే సంవత్సరం హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర సంస్థ వారు కబడ్డీ, గిల్లీదండా వంటి మన వీధి ఆటలతో 'దేశీ అడ్డా'ను తయారుచేశారు. సంవత్సరాన్ని గమనించండి. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేండ్లయినది. విదేశాలలో ముసలిదైపోయిన యంత్రం మన దేశంలో ఇంకా సజీవంగా ఉండబట్టే మన యువకులకు ఆ పని దొరికినది. అది సజీవంగా ఉన్నది సన్నబడి, చవకబడినందువల్లనే. నేను తూలనాడుతున్న నాజూకుతనమే మన ఊరివారికి అన్నం పెట్టినదని ఒప్పుకోక తప్పదు.

చాలా ఏండ్ల క్రితం మా వీధి మొదట్లో ఒక చిన్న దుకాణం ఉండేది. గంటకు ఇంత అని పుచ్చుకొని పిల్లలను ఆడనిచ్చేవారు. అక్కడ రెండు రకాల యంత్రాలూ ఉండేవి. ఏది మేలు భాయ్ అని ఒకసారి అడిగాను. 'లావుది నేనే విప్పుకొంటా సార్, నాకు అలవాటు. సన్నది పిల్లలు సంచీలో వేసుకొని పండుగకు ఇంటికి తీసుకుపోతారు, కిరాయి వస్తది' అన్నాడు. విప్పుకోవడానికి ఒకటి, మోసుకుపోవడానికి ఒకటి. పండితులు వాదించుకొనే విషయాన్ని ఆ మనిషి రెండు ముక్కలలో తేల్చినాడు. రెండూ దొరికిన కాలం గనుక తేల్చగలిగినాడు. తరువాతి కాలంలో ఆ ఎంపిక మిగలలేదు.

ప్లేస్టేషన్ 3 మొదట వచ్చినప్పుడు దానిలో లైనక్స్‌ను నడుపుకొనే వీలుండేది. 2009లో దానినీ సన్నగా చేశారు. సన్నదానిలో ఆ వీలు తీసివేశారు. అంతటితో ఆగలేదు. 2010 ఏప్రిల్ 1న ఒక సాఫ్ట్‌వేర్ మార్పును పంపి, పాత దళసరి యంత్రాలలో సైతం ఆ వీలును తొలగించారు. మార్పును అంగీకరించకపోతే ఇంటర్నెట్ ద్వారా ఆడుకొనే సేవ అందదు. కొని ఇంటికి తెచ్చుకొన్న వస్తువులోని గుణాన్ని అమ్మినవాడే దూరం నుండి తీసుకుపోయినాడన్నమాట. అదే సంవత్సరం అమెరికా వైమానిక దళంవారు 1,760 ప్లేస్టేషన్ 3 యంత్రాలతో ఒక సూపర్‌కంప్యూటరును నిర్మించి చూపడం విధి వినోదం.

2023 నవంబరులో ప్లేస్టేషన్ 5 కూడా సన్నబడినది. ఈసారి డిస్కును చదివే భాగమే విడిగా ఊడివచ్చేదైనది. అది లేని యంత్రం చవక. తరువాత కావాలంటే వేరే డబ్బు పెట్టి కొని తగిలించుకోవచ్చు. తగిలించేటప్పుడు ఒకసారి ఇంటర్నెట్ ఉండవలసిందే. 2024లో వచ్చిన ఖరీదైన ప్రో యంత్రంలో సైతం ఆ భాగం లేదు. డిస్కు పోతే పోయేది ప్లాస్టిక్ బిళ్ళ మాత్రమే కాదు. ఒకడు కొన్న ఆటను నలుగురు మిత్రులు వారానికొకరు ఇంటికి తీసుకుపోవడం, ఆడి ముగించినదానిని సగం ధరకు జూనియరుకు అమ్మడం, పాత డిస్కుల దుకాణంలో బేరమాడి తెచ్చుకోవడం - ఇవన్నీ దానితోపాటు పోతాయి. ఇంటర్నెట్ ద్వారా కొన్న ఆటను మిత్రుని చేతిలో పెట్టలేము. పుస్తకాలను ఒక తరగతి నుండి మరొక తరగతికి చేతులు మార్చి చదువుకొనే మన విద్యార్థులకు దీని అర్థం బోధపడుతుంది. డబ్బున్నవానికి అర మిగిలినా, పోయినా ఒకటే. లేనివానికి ఆ అరయే ఆధారం.

మన కళాశాల కంప్యూటరు గదికి కొత్త యంత్రాలు కొనవలెనన్న ఆలోచన ఉన్నట్లు విన్నాను. సన్ననివి, తేలికైనవి చూపించి ధరల పట్టికలు ఇచ్చేవారు తప్పక వస్తారు. కమిటీ పెద్దలకు నా విన్నపం ఒకటే. మూతకు మరలున్నవా, అంటించివేసినారా. మెమరీ పలకను, బ్యాటరీని మనమే మార్చుకోగలమా. వేరే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించుకోవచ్చునా - ఈ మూడు ప్రశ్నలకు అమ్మేవారి చేత కాగితం మీద జవాబు రాయించుకోవాలి. మూడింటికీ 'లేదు' అనే జవాబు వస్తే, ఆ యంత్రం ఎంత సొగసైనదైనా మన గదిలోకి రారాదని నా అభిప్రాయం. ఇక సామాను గదిలో దుమ్ము పట్టి ఉన్న పాత దళసరి కంప్యూటర్లను తుక్కువానికి వేయవద్దు. వాటిలో నాలుగింటిని విద్యార్థులకు విప్పి చూచుకోవడానికి ఇస్తే, శనివారం మధ్యాహ్నాలు వచ్చి వారితో కూర్చోవడానికి నేను సిద్ధం. స్క్రూడ్రైవర్లు నా వద్ద ఉన్నవి.