వెనిస్ గోడల వెనుక తోటలు

వెనిస్ అనగానే కాలువలు, పడవలు, రాతి వంతెనలు గుర్తొస్తాయి. పచ్చదనం కోసం ఆ ఊరు వెళ్లేవారు తక్కువ. కానీ ఇరుకు సందుల్లో నడుస్తుంటే ఏదో ఒక ఇటుక గోడ మీంచి దానిమ్మ కొమ్మో, గన్నేరు గుబురో తొంగిచూస్తుంది. అక్కడి రాతి కూడళ్లను నేటికీ ‘కాంపో’ అంటారు. ఆ మాటకు అర్థం పొలం. ఒకప్పుడు అవి గడ్డి మొలిచే నేలలే.

ఇలాంటి చోట తోట బతకడం వెనుక పెద్ద సైన్సే ఉంది. మట్టిలోని నీటిలో కన్నా వేరు కణాల్లో లవణాల గాఢత ఎక్కువగా ఉంటేనే ద్రవాభిసరణ వల్ల నీరు వేరులోకి చేరుతుంది. సముద్రపు నీరు ఇంకితే ఆ తేడా తగ్గిపోతుంది. చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతో వాడిపోతుంది. దానిమ్మ, గన్నేరు ఉప్పును కొంత తట్టుకుంటాయి. అన్ని మొక్కలకూ ఆ శక్తి లేదు.

మంచినీటి విలువ వెనిస్‌కు పూర్వమే తెలుసు. ఇళ్ల ముంగిళ్లలో గొయ్యి తవ్వి, బంకమట్టి పూత వేసి, ఇసుక నింపేవారు. వాన నీరు ఇసుకలో వడకట్టుకుని నడిమి బావిలోకి చేరేది. బంకమట్టి ఉప్పునీటిని అడ్డుకునేది.

2019 నవంబరులో ఆటుపోట్ల నీరు ప్రామాణిక మట్టానికి 187 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి ఊరిని ముంచింది. 2020 అక్టోబరులో ‘మోసె’ గేట్లు తొలిసారి సముద్రాన్ని అడ్డుకున్నాయి. అయితే వాటిని పైకి లేపేది సాధారణంగా నీరు 110 సెంటీమీటర్లు చేరుతుందని అంచనా ఉన్నప్పుడే. అంతకన్నా తక్కువ మట్టానికే పల్లపు చోట్లు తడుస్తాయి. అందుకే ఒక్క గేట్లతోనే ఊరు భద్రమైందనుకోవడం సరికాదు.

భవనాల పగుళ్లను కొలిచినట్టే ఈ తోటల మట్టినీ క్రమం తప్పకుండా కొలవాలని నా అభిప్రాయం. అదేమీ కష్టమైన పని కాదు. ఉప్పు పెరిగితే మట్టి విద్యుత్ వాహకత పెరుగుతుంది. చేతిలో పట్టే చిన్న మీటరు చాలు. ఏ తోటలో ఉప్పు పెరుగుతోందో తెలిస్తే, సముద్రం ఊరిలోకి ఏ దారిన వస్తోందో తెలుసుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

మన తీర పట్టణాలకూ ఇది పనికొచ్చే పాఠమే. సిమెంటు పరిచిన పెరట్లో వాన నీరు ఇంకదు. ఇంకే మంచినీరు తగ్గిన తీరంలో, భూగర్భంలోకి ఉప్పునీరు చొరబడే ముప్పు పెరుగుతుంది. పెరట్లో నాలుగు గజాల మట్టినైనా తెరిచి ఉంచుదాం.