మన పరిసరాలు: నీళ్ల ట్యాంకుపై బైరి డేగ



గత శీతకాలంలో రాయ్‌పూర్‌లోని మన ఉద్యోగుల కాలనీలో ఒక చిన్న వివాదం తలెత్తింది. దానికి కారణం ఒక పక్షి. నవంబరు మొదటి వారంలో ఓవర్‌హెడ్ ట్యాంకు అంచున ఒక డేగ వచ్చి కూర్చున్నది. మరునాటి నుండి ట్యాంకు కింద పావురాల ఈకలు, అప్పుడప్పుడు తెగిపడిన రెక్కలు కనిపించసాగాయి. రోజూ పావురాలకు గింజలు చల్లే పెద్దలు నొచ్చుకున్నారు. పెరట్లో కోళ్లు పెంచుకునే ఒకరిద్దరు తమ కోడిపిల్లలు మాయమవుతున్నాయన్నారు. "ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి" అని ఒకరు, "ట్యాంకుపైనే గూడు కట్టింది, పుల్లలు కూడా కనిపిస్తున్నాయి" అని మరొకరు. చివరకు టపాకాయలు కాల్చి దానిని తరిమివేయాలంటూ కాలనీ సంక్షేమ సంఘానికి వినతిపత్రం అందింది. కార్యదర్శి గారు ఆ కాగితాన్ని నాకు పంపి సలహా కోరారు.

నేనిచ్చిన సలహా ఒక్కటే. కొన్నాళ్లు ఆగండి; చూడండి; చూసినది రాయండి.

ఈ సలహా నా సొంత తెలివి కాదు. దీని వెనుక అరవై సంవత్సరాలకు పైబడిన ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర కూడా పావురాల యజమానుల ఫిర్యాదుతోనే మొదలు కావడం విశేషం.

మన ట్యాంకుపై వాలిన పక్షి పేరు బైరి డేగ. ఆంగ్లంలో పెరిగ్రిన్ ఫాల్కన్ అంటారు. అంటార్కిటికా మినహా అన్ని ఖండాలలోను ఇది కనిపిస్తుంది. ఆకాశంలో ఎంతో ఎత్తుకు చేరి, రెక్కలు ముడిచి, ఎగురుతున్న పక్షిపైకి రాయి వలె దూకుతుంది. ఆ దూకుడులో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు మించుతుంది. ప్రాణికోటిలో ఇంతకు మించిన వేగం గలది లేదు. ఆడపక్షి మగదాని కంటె పెద్దది. ఇది పుల్లలు ఏరి గూడు కట్టదు. ఎత్తైన కొండ చరియపై గులకరాళ్లలో చిన్న గుంట చేసి, సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులకు కొంచెం పైగా పొదుగుతుంది. పిల్లలు ఆరు వారాలకు ఎగురుతాయి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాయుసేన వార్తలు మోయడానికి పావురాలను వినియోగించేది. వాటిని బైరి డేగలు పట్టుకుంటున్నాయని 1940లో ప్రభుత్వం వాటి సంహారానికి ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధం ముగిసేలోగా సుమారు 600 పక్షులను చంపారు. యుద్ధానంతరం వాటికి తిరిగి రక్షణ లభించింది. అయితే 1960 ప్రాంతంలో పందెపు పావురాల యజమానులు, డేగలు విపరీతంగా పెరిగిపోయాయనీ, రక్షణ తొలగించాలనీ ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. అధికారులు వెంటనే ఔననలేదు, కాదనలేదు. ముందు లెక్క తీయమన్నారు.

1961, 1962 సంవత్సరాలలో ఆ లెక్క సాగింది. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త నిర్వహించారు; కొండలెక్కి చూసినవారిలో అత్యధికులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సామాన్యులు. వారి వద్ద గత తరాల పరిశీలకులు రాసిపెట్టిన చరియల జాబితాలు ఉండేవి. ఆ చరియల వద్దకే వెళ్లి చూశారు. ఎన్నో ఖాళీగా ఉన్నాయి. కొన్నిచోట్ల పగిలిన గుడ్లు పడి ఉన్నాయి. 1963 నాటికి అక్కడి డేగల సంఖ్య యుద్ధానికి పూర్వం ఉన్నదానిలో సగం కంటె తక్కువకు పడిపోయింది. పెరిగిపోయాయన్న పక్షి నిజానికి అంతరించిపోతున్నది!

కారణం ఏమిటి? రాట్‌క్లిఫ్ పాత సేకరణలలోని గుడ్ల పెంకులను తూచి చూశారు. 1947 ప్రాంతం నుండి పెంకులు దాదాపు ఐదవ వంతు పలచబడ్డాయని 1967లో ప్రకటించారు. అది డి.డి.టి. వంటి పురుగుమందులు పొలాలలోకి ప్రవేశించిన కాలం. మందు తిన్న పురుగులను చిన్న పక్షులు, చిన్న పక్షులను డేగలు తినగా, విషం అంచెలంచెలుగా పేరుకొని చివరి ప్రాణిని దెబ్బతీసింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున 1960 దశకం మధ్య నాటికి గూడు పెట్టిన బైరి డేగ జత ఒక్కటీ మిగలలేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. డి.డి.టి. మన దేశానికి చేసిన మేలు తక్కువ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని అంచనా. ఆ మందును దేశంలోనే తయారు చేయడానికి 1954లో హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడింది. 1960 దశకం మధ్య నాటికి మలేరియా కేసులు లక్ష ప్రాంతానికి తగ్గాయి. ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. అదే మందును పొలాలపై కుమ్మరించడం వేరు విషయం. మన దేశంలో 1989లో వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించారు. మేలునూ కీడునూ విడదీసి చూడగలగడానికి ఎవరో ఒకరు లెక్క రాసి ఉండాలి.

అమెరికాలో 1972లో డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. టామ్ కేడ్ అనే ఆచార్యుడు 1970లో నెలకొల్పిన సంస్థ డేగ పిల్లలను పెంచి ప్రకృతిలోకి వదిలిపెట్టింది. ఆ పిల్లలలో కొన్ని కొండలకు బదులు నగరాలను ఎంచుకున్నాయి. పక్షి కంటికి ఎత్తైన భవనం ఒక కొండయే, వీధులు లోయలు, ఆహారానికి పావురాలు కావలసినన్ని. 1936 నుండి 1952 వరకు కెనడాలోని మాంట్రియల్‌లో ఒక బీమా కంపెనీ భవనంపై ఈ డేగలు నివసించిన ఉదాహరణ అంతకు ముందే ఉన్నది. న్యూయార్క్‌లో 1983లో రెండు జతలు వంతెనలపై గూడు పెట్టాయి. నేడు ఆ నగరంలో ఇరవైకి పైగా జతలు ఉన్నాయి. 1999 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం బైరి డేగను ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితా నుండి తొలగించింది.

పరిశ్రమలలో పనిచేసే మనకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉన్నది. ఈ పక్షులు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలను ఎంతగానో ఇష్టపడ్డాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో థర్మల్ కేంద్రాల పొగగొట్టాలకు గులకరాళ్లు నింపిన చెక్కపెట్టెలు బిగించారు. లండన్‌లో 1983లో మూతపడిన బాటర్సీ విద్యుత్ కేంద్రాన్ని పునర్నిర్మించేటప్పుడు, అక్కడ కాపురమున్న డేగల జత కోసం ప్రత్యేకంగా ఒక టవర్ నిలబెట్టి గూటిపెట్టె అమర్చారు. కోట్ల వ్యయంతో జరిగే పని ఒక పక్షి సంసారానికి చోటు ఇచ్చింది.

ఇక స్వచ్ఛంద కార్యకర్తలు చేసే పని ఏమిటి? గూటికి దూరంగా, కిందనో ఎదుటి భవనంపైనో కూర్చుంటారు. ఎన్ని గంటలకు ఏ పక్షి వచ్చింది, ఏమి తెచ్చింది, ఎవరు పొదుగుతున్నారు అన్నది రాస్తారు. పిల్లలు మొదటిసారి ఎగిరే వారంలో వంతులు వేసుకొని కాపలా కాస్తారు. నేర్పు చాలక వీధిలో దిగిన పిల్లను వాహనాల బారిన పడకుండా అట్టపెట్టెలో ఉంచి, తగిన అనుమతి ఉన్నవారి ద్వారా తిరిగి పైకి చేరుస్తారు. మన షిఫ్టు లాగ్ బుక్ ఎంత నిరాడంబరమైనదో ఆ పుస్తకమూ అంతే. ఏ ఒక్క రోజు పేజీ చూసినా విశేషం కనిపించదు. పదేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టినప్పుడు కథ తెలుస్తుంది.

మన దేశంలో ఈ మాట ఎంత సత్యమో రాబందులు నిరూపించాయి. 1990 దశకంలో భరత్‌పూర్‌లో గూళ్ల లెక్కను పాత లెక్కతో పోల్చి చూసినప్పుడు వాటి పతనం బయటపడింది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ దానికి కారణమని 2004లో తేలింది; 2006లో ఆ వాడకాన్ని నిషేధించారు. అప్పటికే మూడు జాతులలో అత్యధిక భాగం నశించింది. లెక్క ఇంకా ముందుగా, ఇంకా ఎక్కువ చోట్ల జరిగి ఉంటే ఎన్ని మిగిలేవో!

తెలుగువారికి ఈ పని కొత్త కాదు. హైదరాబాదులో 1980లోనే ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. నేడు దక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతున్నది. 2025 ఫిబ్రవరిలో ఆ నగర పరిశీలకులు నగరాన్ని గడులుగా విభజించి, శీతకాలంలోను వేసవి అనంతరం వానల్లోను పక్షులను లెక్కించే అట్లాసు పనికి శ్రీకారం చుట్టారు. కేరళలో 2015 నుండి 2020 వరకు వేయి మందికి పైగా కార్యకర్తలు ఇటువంటి అట్లాసునే పూర్తి చేసి 361 జాతులను నమోదు చేశారు. మనమున్న ఛత్తీస్‌గఢ్‌లో బేమేతరా జిల్లాలోని గిధ్వా–పర్సదా చెరువుల వద్ద 2021లో మూడు రోజుల పక్షి ఉత్సవం జరిగింది. బిలాస్‌పూర్ వద్ద కోప్రా జలాశయానికి 2025 డిసెంబరులో రామ్‌సర్ గుర్తింపు లభించింది. చెరువుల నగరమైన రాయ్‌పూర్‌లో చూడగల కళ్లుంటే పనికి కొరత లేదు.

ఇప్పుడు మన ట్యాంకు సంగతికి వద్దాం. సంక్షేమ సంఘం టపాకాయల ప్రతిపాదనను వాయిదా వేసింది. ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివే నలుగురు పిల్లలు ఒక నోటు పుస్తకం, ఒక పాత దుర్భిణి తీసుకొని బడికి వెళ్లే ముందు అరగంట, సాయంత్రం అరగంట డాబాపై కూర్చున్నారు. వారి పుస్తకం చెప్పిన విషయాలివి.

ఉన్నది ఒకే డేగ. ఏనాడూ రెండు కనిపించలేదు. నాలుగు దిక్కులనుండి చూసినవారికి నాలుగుగా తోచింది. అది తిన్నవి ఎక్కువగా పావురాలు; మిగిలినవి చిలుకలు, గోరింకలు. నేలపై తిరిగే కోడిపిల్ల జోలికి అది ఒక్కసారి కూడా పోలేదు. మునిమాపు వేళ మురుగు కాలువలోనుండి వచ్చే ఒక ముంగిస మాత్రం పుస్తకంలో పలుమార్లు నమోదైంది! ట్యాంకుపై పుల్లలు పావురాలు తెచ్చినవి. తెల్లని ఛాతీ, దానిపై అడ్డచారలు, సన్నని మీసం ఉన్నాయని పిల్లలు రాశారు. అనగా అది ఉత్తరాన టండ్రా మైదానాలలో గూడు పెట్టి, చలికాలం గడపడానికి వేల కిలోమీటర్లు దాటి మన దేశానికి వచ్చే రకం. ఇక్కడ గూడు పెట్టదు. మార్చి మూడవ వారం తరువాత పేజీలు ఖాళీగా ఉన్నాయి. అతిథి వెళ్లిపోయింది.

వినతిపత్రంపై మొదట సంతకం చేసిన పెద్దాయన ఆ పుస్తకాన్ని ఆసాంతం చదివారు. "పావురాల మీద నాకు జాలి పోలేదు. కాని అంత దూరం నుండి వచ్చినదానిని తరిమి ఉంటే ఆ పాపం నాకు చుట్టుకునేది" అన్నారు. ఆ జాలి తప్పు కాదు. డేగ కూడా ఆకలితోనే వచ్చిందని తెలుసుకోవడం దానికి అదనం.

మన దేశంలో ఏడాది పొడవునా ఉండే బైరి డేగ మరొకటి ఉన్నది. దానిని షాహీన్ అంటారు. తల నలుపు, ఛాతీ ఇటుక రంగు. అది కొండ చరియలపై జనవరి నుండి ఏప్రిల్ మధ్య ప్రధానంగా గూడు పెడుతుంది. మన పొగగొట్టాలు, కూలింగ్ టవర్లు, సిలోలపై విధులు నిర్వహించే సోదరులు ఆ నెలల్లో అటువంటి జతను గమనిస్తే గూటి దగ్గరకు పోవద్దు. ఫొటో కోసం పైకి ఎక్కవద్దు. చోటు పదిమందికీ చాటవద్దు. పై అధికారికి, అటవీ శాఖకు తెలియజేయండి. రంగులు వేసే పనిని కొద్ది వారాలు జరపడానికి వీలుంటుందేమో ప్రణాళికా విభాగాన్ని అడగండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ పక్షి ఉన్నది. దానికి హాని చేయడం నేరం.

గృహిణులకు, పిల్లలకు మరింత సులువైన పని ఒకటున్నది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, చూసిన పక్షులను తేదీ, సమయం, స్థలంతో రాయాలి. తెలియని పక్షికి పేరు ఊహించి రాయకూడదు. రంగు, ముక్కు, తోక ఎలా ఉన్నాయో రాస్తే చాలు. ఏ పక్షీ కనిపించని రోజునూ రాయాలి. ఖాళీ చరియలను కూడా రాసినందువల్లనే గదా ఆనాడు బైరి డేగ బ్రతికింది.

మన నలుగురు పిల్లలు కొత్త నోటు పుస్తకం కొని, మొదటి పేజీపై నవంబరు ఒకటవ తేదీ వేసి ఉంచారు. అతిథి ఈసారి వస్తుందో రాదో చెప్పలేము. వచ్చినా రాకపోయినా వారు డాబా ఎక్కుతారు. ఇతర కాలనీలలోని పాఠకులు కూడా తమ పరిశీలనలను ఈ శీర్షికకు రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.